మా ఆవిడ చేతి బిస్కెట్టు

మా ఆవిడని పై అంతస్తుకి మార్చాల్సి వస్తుందేమోనని పెద్ద సిస్టరు చెప్పిన పూటే ఆ యేటి వానలు మొదలయ్యాయి. కిటికీ మూయడానికి లేచినవాణ్ణి ఆ మాట విని అక్కడే నిలబడిపోయాను. జల్లు కొట్టి నా మంచం మీది దుప్పటి సగం తడిసింది.

పై అంతస్తు అంటే ఏమిటో మా వృద్ధుల హోములో అందరికీ తెలుసు. కింద ఉన్నవాళ్లం కర్ర పట్టుకునో, చక్రాల కుర్చీలోనో భోజనాల హాలుకి వెళతాం. ఉప్పు తక్కువైందని వంటాయన మీద విసుక్కుంటూ, ఉన్నదంతా తినేసి వస్తాం. పైనున్న వాళ్లకి విసుక్కునే భాగ్యం కూడా లేదు. అన్నీ మంచంలోనే. తిండి ముక్కులోంచి గొట్టంలో పోతుంది. మొగుడైనా సరే, పెళ్లామైనా సరే, మధ్యాహ్నం కాసేపు చూసి వచ్చేయాలి. అలా పైకి వెళ్లినవాళ్లు మళ్లీ కిందకి రావడం నేను చూడలేదు. మాది కింద రెండు మంచాల గది. పెళ్లయిన దగ్గర్నుంచీ మేమిద్దరం వేరు వేరు గదుల్లో పడుకుని ఎరగం.

"గొంతుకి ఏ లోపమూ లేదు బాబాయిగారూ. మింగగలరు. తినడం లేదంతే," అంది పెద్ద సిస్టరు. "వానాకాలం వెళ్లేదాకా చూద్దామన్నారు డాక్టరుగారు. అప్పటికీ బరువు ఇలాగే తగ్గుతూ పోతే గొట్టం వెయ్యక తప్పదు. గొట్టం వేసినవాళ్లని కింద ఉంచడానికి వీల్లేదు."

"తినకపోవడమేమిటమ్మా? నేను తినిపిస్తాను."

"ఇన్నాళ్లూ మీరేగా తినిపిస్తున్నది?"

ఆ మాటకి ఒళ్లు మండింది. కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడన్నది నిజం.

నేను టైలర్ని. షాపులో కత్తిరించడం, మిషను కుట్టడం నావి. కాజాలు, బొత్తాలు, అంచు కుట్లు, అంటే చేతిపని మొత్తం మా ఆవిడది. పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. చూపు మాత్రం చెక్కు చెదరలేదు. జన్మంతా నన్ను అదుపులో పెట్టింది ఆ చూపే కాబట్టి, నాకు తేడా ఏమీ తెలియలేదని చెప్పి కండక్టర్ని నవ్విస్తుండేవాణ్ణి. పక్కగది కండక్టరు బస్సులు మానేసి ఎంతకాలమైందో గానీ, గొంతు ఇంకా వెనక సీటు దాకా వినిపిస్తుంది.

చెంచా నోటి దాకా వెళ్లగానే మా ఆవిడ పెదాలు బిగించి మొహం పక్కకి తిప్పేసేది. బతిమాలాను, కోప్పడ్డాను, అలిగి నేనూ తినడం మానేశాను. మా ఆవిడ నా కంచం వైపు, నా వైపు ఒకసారి చూసింది. నేను నోరు మూసుకుని తినేశాను. ఆవిడ మాత్రం ముట్టలేదు.

ఆదివారం మా అమ్మాయి వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది, ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఇంటి దగ్గర సూపు కాచి, చల్లారకుండా తువ్వాలు చుట్టి తీసుకొచ్చింది. తల్లి పక్కన మంచం మీద కూర్చుని చెంచా ఎత్తింది. పెదాలు బిగుసుకున్నాయి.

"చిన్నప్పుడు నేను తినకపోతే వీపు మీద రెండు వేసేదానివి గదమ్మా! ఇప్పుడు నిన్నేం చెయ్యమంటావు?" అంది. నవ్వుతూనే మొదలుపెట్టింది గానీ మాట పూర్తయ్యేసరికి ఆ నవ్వు లేదు. గిన్నె నా చేతిలో పెట్టి వరండాలోకి వెళ్లిపోయింది. వాన చప్పుడులో ఏడుపు వినపడదనుకుంది పాపం. మా ఆవిడకీ వినపడింది. కంట నీరు తిరిగింది, నోరు మాత్రం తెరవలేదు. ఆ సూపు నేనే తాగాను.

ఆ తర్వాత వచ్చింది డబ్బాల పిల్ల. ఆ పేరు పెట్టింది కండక్టరే. ముప్పై ఏళ్లుంటాయి, కానీ మా ముందు పిల్లే కదా. మూతల డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, గడ్డంతో పైదాన్ని అదిమిపెట్టి, తడిసిన చెప్పులతో హాల్లోకి వచ్చింది. వారానికి రెండుసార్లు వచ్చి, పెద్దవాళ్లచేత పొయ్యి లేకుండా తేలిక పలహారాలు చేయిస్తానంది.

"పలహారాలు మాకు పెట్టాలి గానీ మాచేత చేయిస్తావా?" అన్నాడు కండక్టరు.

"మీరు చేసింది మీరే తింటారు తాతగారూ. నాకు ముక్క కూడా పెట్టక్కర్లేదు."

"అదీ మాట. రైట్ రైట్!"

నాకు మాత్రం ఇదంతా పిల్లలాటలా కనిపించింది. కొలత లేదు, కత్తెర లేదు, ఇదేం పని అనుకున్నాను. అయినా మా ఆవిడ కుర్చీని బల్ల దగ్గరికి తోసుకెళ్లాను, గదిలో కూర్చుని చేసేది మాత్రం ఏముంది కనుక.

పిల్ల పనిమంతురాలు, ఒప్పుకోవాలి. అందరిచేతా చేతులు కడిగించింది. ప్రతి కంచం కింద తడిగుడ్డ పరిచింది, ఒంటిచేత్తో పని చేసినా కంచం జారకుండా. పదును లేని కత్తులు, మెత్తటి వెన్న, మగ్గిన అరటిపళ్లు, బిస్కెట్లు, బ్రెడ్డు, కీరా దోసకాయ చక్రాలు, పెరుగు. మా ఆవిడ ముందు ఒక చెక్కపలక పెట్టింది. దానికి రెండు వైపులా అంచు కట్టి ఉంది. బిస్కెట్టుని ఆ మూలకి ఆనిస్తే అటూ ఇటూ కదలదు.

"అమ్మమ్మా, ఎడంచేత్తో ఈ అరటిపండు మెదుపుతారా? మెదిపింది బిస్కెట్టు మీద రాయాలి, అంతే."

మా ఆవిడ పలక వైపు చూసింది. అంచుని వేలితో తడిమింది. తర్వాత ఫోర్కు అందుకుంది. అరటిపండు మెదపడానికే చాలాసేపు పట్టింది. బిస్కెట్టు అంచు దాటకుండా, మధ్యలో గుట్ట పడకుండా, చుట్టూ సమానంగా రాసింది. ఆ తీరు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే మొదలుపెట్టాను.

"అద్దీ! ఎంత బాగా చేశావోయ్! ఇంక తిను. ఏదీ, ఒక్క కొరుకు. నా మాట విను."

పెదాలు బిగుసుకున్నాయి. బిస్కెట్టుని నేను నోటి దాకా తీసుకెళితే మొహం తిప్పేసింది.

ఆ చికాకంతా నా బ్రెడ్డు మీద చూపించాను. మూడు పొరలు పెట్టాను, మధ్యలో వెన్న, కీరా. కీరా ఊరుకుంటుందా, జారుతోంది. పై పొర ఒక దిక్కు, కింది పొర ఒక దిక్కు పోతున్నాయి. అంచులు కలపడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కలిపాను. జారకుండా, చొక్కా పట్టీ లోపల ఎప్పుడూ ఉండే గుండుసూదులు రెండు తీసి మూలల్లో గుచ్చాను. నేను గుచ్చానని నాకే తెలియదు. చేతికి ఉన్న అలవాటు అది.

"ఏం కుదిరింది మాస్టారూ! ఇటివ్వండి," అని కండక్టరు దాన్ని లాక్కుని నోరు తెరిచాడు.

"తాతగారూ!" డబ్బాల పిల్ల అరిచిన అరుపుకి హాలంతా ఉలిక్కిపడింది. బ్రెడ్డు లాగేసుకుంది. సూదుల తలలు మెరుస్తున్నాయి.

పెద్ద సిస్టరు పరుగెత్తుకొచ్చింది. "గుండుసూదులా? తినేదాంట్లోనా?"

"కుట్టేముందు తీసేసేవాణ్ణేనమ్మా," అన్నాను.

ఇంకెవరైనా నవ్వేవారు. కండక్టరు నవ్వాడు కూడా, కానీ సిస్టరు చూసిన చూపుకి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇలాంటి కార్యక్రమాలు ఇక్కడ కుదరవు, డబ్బాలు సర్దేయమంది. డబ్బాల పిల్ల మొహం చిన్నబోయింది. తలకొట్టేసినట్టయింది నాకు. నా వల్ల అందరి సరదా పోయేలా ఉంది. అంతకంటే, చాలా కాలానికి మా ఆవిడ చేతిలోకి పని వచ్చిన చోటు అది. అది కూడా పోతుందని భయం వేసింది.

"తప్పు నాది సిస్టరమ్మా. నన్ను బల్ల దగ్గరికి రానివ్వకండి. మిగతావాళ్లని చేసుకోనివ్వండి," అన్నాను.

చొక్కాలు, కోటు, దిండు, అన్నీ వెతికి నా దగ్గరున్న సూదులన్నీ తీసేసుకున్నారు. ఇకనుంచి పలహారాలు చేసేటప్పుడల్లా నేను తలుపు దగ్గర కుర్చీలో కూర్చోవాలి, బల్ల దగ్గరికి అడుగు వెయ్యకూడదు. ఆ షరతు మీద సిస్టరు ఒప్పుకుంది.

తర్వాతి పలహారాల పూట కుండపోతగా వాన. నేను తలుపు దగ్గర బుద్ధిగా కూర్చున్నాను. మా ఆవిడ పక్కన నా చోట్లో కండక్టరు కూర్చున్నాడు. ఆయన సొంతంగా ఒక్క బిస్కెట్టు చేసింది లేదు, కబుర్లతోనే సరి.

మా ఆవిడ అరటిపండు మెదిపింది. బిస్కెట్లకి రాసింది. ఈసారి నేను చెవిలో జోరీగలా లేను కాబట్టి తన పని తాను చేసుకుపోయింది. రాసినవాటిని కంచంలో వరసగా పేర్చింది. ఒకటి కాస్త పక్కకి తిరిగిందని వేలితో సరిచేసింది. తడిగుడ్డకి చెయ్యి తుడుచుకుంది. తర్వాత కంచాన్ని మెల్లగా కండక్టరు వైపు తోసింది.

"నాకేనా అమ్మా?"

మా ఆవిడ చూస్తూ ఉంది.

ఎవరిది వాళ్లే తినాలని రూలు. రూళ్లన్నీ ఎదుటివాళ్లకే అనుకునే మనిషి కండక్టరు. ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకోటి కూడా తీసుకున్నాడు.

"బాగుందమ్మా. చాలా బాగుంది. తీసుకున్నాను."

మా ఆవిడ తల ఊపింది. కంచంలో మిగిలిన దాన్ని ఎడంచేత్తో తీసుకుంది, కొరికింది, నమిలింది, మింగింది.

నేను లేవలేదు. లేస్తే అది ఆగిపోతుందేమోనని భయం. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. బయట వాన, లోపల కండక్టరు గొంతు, వాటి మధ్య మా ఆవిడ నమలడం నాకు వినిపించిందంటే మీరు నమ్మరు. నాకు వినిపించింది.

మా షాపులో ఒక పద్ధతి ఉండేది. చేతిలో ఉన్న పని పూర్తి చేసి, మడత పెట్టి, ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చేదాకా తిండి ముట్టేవాళ్లం కాదు. జిడ్డు వేలితో ఎవరిదో కొత్తబట్ట ముట్టుకుంటే ఇంకేమైనా ఉందా! నేనైనా దొంగచాటుగా ఏదో ఒకటి నోట్లో వేసుకునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం, బట్ట తీసుకున్న మనిషి వేసుకుని చూసి, బాగుందని చెప్పి గడప దాటాకే చెయ్యి కడుక్కుని కంచం ముందు కూర్చునేది. అలా ఒక జీవితం గడిపిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి ఏ పనీ ఇవ్వకుండా, వేళకింత నోట్లో కుక్కబోయాం అందరం. తినమంటే ఎలా తింటుంది? ఆ పద్ధతి మా ఇద్దరిదీ. డాక్టరుకి తెలియకపోవడంలో వింతేముంది, నాకే తట్టలేదు.

పలహారాలు అయిపోయాక డబ్బాల పిల్లని వరండాలో ఆపి ఇదంతా చెప్పాను. ఆ పిల్ల డబ్బాలు కింద పెట్టి మొత్తం వింది. చివర్లో, "అయితే తాతగారూ, ఇక్కడ ఎవరిది వాళ్లు చేసుకుని తినడం తప్పన్నమాట," అంది.

"అందరి సంగతీ నాకు తెలియదమ్మా. మా ఆవిడకి మాత్రం చేసింది తీసుకునే మనిషి కావాలి."

"నేను కూడా ఇంటి దగ్గర ఒక్కదాన్నే ఉంటే వండుకోను," అని నవ్వి, తడి చెప్పులతోనే పెద్ద సిస్టరు గదిలోకి వెళ్లింది. లోపల ఏం వాదించుకున్నారో తెలియదు. పెద్ద గొంతులు వినపడ్డాయి. శుభ్రత, రూలు, బాధ్యత అనే మాటలు సిస్టరువి. "అమ్మమ్మ తిన్నారు మేడమ్" అనే మాట మళ్లీ మళ్లీ పిల్లది. చివరికి చేతులకి తొడుగులు వేయించాలి, సిస్టరు కళ్లముందే జరగాలి అనే ఒప్పందానికి వచ్చారు.

ఆ రోజు నుంచి పలహారాల బల్ల తీరు మారిపోయింది. ఎవరూ తమకోసం చేసుకునేవారు కాదు. ఒకరు చేసింది ఇంకొకరికి. ఎవరికి ఏది ఇష్టమో అడిగి మరీ చేయడం, నచ్చకపోతే మొహం మాడ్చుకోవడం, హాలంతా సందడే సందడి. భోజనాల వేళ కూడా డబ్బాల పిల్ల చెప్పినట్టే చేశారు. ఉడికిన బంగాళదుంపలు మెదపడం, బ్రెడ్డుకి వెన్న రాయడం, పెరుగులో పండు కలపడం, ఏదో ఒక పని మా ఆవిడకి ముందు ఇచ్చేవారు. చేసింది ఎవరో ఒకరు తిని బాగుందనేవారు. ఆ తర్వాత మా ఆవిడ తినేది. కొంచెమే. కానీ తన చేత్తో తినేది.

ఆదివారం అమ్మాయి వచ్చి తల్లి రాసిచ్చిన వెన్నబ్రెడ్డు తింది. నమలడం ఆపి వెక్కివెక్కి ఏడ్చింది.

"నీ ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు బాగుందని చెప్పవే తల్లీ! మీ అమ్మ చూస్తోంది," అన్నాను.

"బాగుందమ్మా," అంది ఏడుస్తూనే. మా ఆవిడ కూతుర్ని ఒకసారి ఎగాదిగా చూసి, రెండో ముక్కకి వెన్న రాయడం మొదలుపెట్టింది.

వానలు తగ్గుముఖం పట్టాక డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, మంచివాడే, కానీ కాళ్ల కింద నిప్పులున్నట్టు నిలబడతాడు. మా ఆవిడని తూకం కుర్చీలో కూర్చోబెట్టారు. ముల్లు ఎక్కడ ఆగుతుందోనని నాకు చెమటలు పట్టాయి. బరువు తగ్గలేదు. పెరిగింది, కానీ ఏమంత కాదు.

డాక్టరు పెదవి విరిచాడు. "ఇది చాలుతుందో లేదో చెప్పలేను. ఆవిడంతట ఆవిడ తింటున్నారని అంటున్నారు, నేను ఒకసారి కళ్లారా చూడాలి."

డబ్బాల పిల్ల ఆ రోజు తన వంతు కాకపోయినా వచ్చింది. పలక, అరటిపండు, బిస్కెట్లు ముందు పెట్టింది. మా ఆవిడ తొందరపడలేదు. మెదిపింది, రాసింది, పేర్చింది, చెయ్యి తుడుచుకుంది. డాక్టరు గోడ గడియారం వైపు చూస్తున్నాడు. కంచం ఆయన ముందుకి వచ్చింది.

"వద్దమ్మా, మీరు తినండి. నేను చూస్తాను."

మా ఆవిడ చూస్తూ కూర్చుంది.

"తినండమ్మా."

పెదాలు బిగుసుకున్నాయి. డాక్టరు పెద్ద సిస్టరు వైపు తిరిగాడు. అయిపోయింది అనుకున్నాను. పై అంతస్తు మెట్లు కళ్లముందు మెదిలాయి.

"బాబూ, ముందు మీరు తినాలి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నేను ఇప్పుడే భోంచేసి వచ్చానండీ."

"అయినా సరే, తినండి డాక్టరుగారూ," అంది పెద్ద సిస్టరు. నన్ను తలుపు దగ్గర కూర్చోబెట్టిన సిస్టరే! "మీరు తిని బాగుందని చెప్పాలి. ఇక్కడ పద్ధతి అది."

డాక్టరు బిస్కెట్టు తీసుకున్నాడు. మొహమాటంగా కొరికాడు. అరటిపండు మీసానికి అంటుకుంది.

"బాగుందమ్మా," అన్నాడు.

మా ఆవిడ తన బిస్కెట్టు తీసుకుని తినడం మొదలుపెట్టింది. డాక్టరు తనది నములుతూనే ఆవిడ గొంతుని చూశాడు, మింగడం చూశాడు. రెండోది కూడా తినేదాకా గడియారం వైపు తిరగలేదు.

"గొట్టం అక్కర్లేదు," అన్నాడు సిస్టరుతో. "కిందే ఉంచండి."

డబ్బాల పిల్ల రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. "అయ్యో తాతగారూ, ఇదేంటి" అంటూ ఆ పిల్ల చేతులు లాక్కోబోయింది. నేను వదల్లేదు. ఎవరెవరికి రుణపడ్డానో లెక్క పెట్టుకుంటే నాకే నవ్వొచ్చింది. పిల్లకి సరే, ఇంకొకరి కంచంలో చెయ్యి పెట్టిన కండక్టరుకీ, నన్ను బల్ల దగ్గర్నుంచి తరిమేసిన సిస్టరుకీ కూడా. మనసులో అందరికీ దణ్ణం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం బ్రెడ్డూ వెన్నా పెట్టిన ట్రాలీ మా గదికే వచ్చింది. వాన వెలిసి కిటికీలోంచి పల్చటి ఎండ పడుతోంది. మా ఆవిడ తన మంచం మీద, నేను నా మంచం మీద, మధ్యలో చిన్న బల్ల. డాక్టరు సంగతంతా మళ్లీ మొదట్నుంచీ ఆవిడకే చెబుతున్నాను, పక్కనే ఉండి చూసిన మనిషికి. కండక్టరు సంబరం పట్టలేక మధ్యాహ్నం నాచేత ఏవేవో తినిపించాడు. కడుపులో సూది దూరే సందు లేదు.

మా ఆవిడ బ్రెడ్డుకి వెన్న రాసింది, మూల నుంచి మూల దాకా. ముక్కని ఎడంచేత్తో పట్టుకుని బల్ల మీదుగా నా నోటి దాకా తీసుకొచ్చింది. నేను మాట ఆపాను. ఆవిడ నావైపే చూస్తోంది.

నోరు తెరిచాను.